పులియనివ్వని చేయి

మా మేనత్త పోయిన కబురు మా సంఘం వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. మా క్రైస్తవుల్లో ఎవరు పోయినా "ప్రభువునందు నిద్రించారు" అని రాయడం ఆనవాయితీ. పెళ్ళాన్ని చావబాదినవాడు పోయినా నిద్రించాడనే రాస్తారు. మా అత్తకు మాత్రం "చనిపోయారు" అని రాశారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. ఆ ఒక్క మాటలోని తేడా హనుమకొండలో మా వాళ్ళందరికీ తెలిసింది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. కోపమే నయం, శవపెట్టె తెప్పించడం, చుట్టాలకు ఫోన్లు చేయడం లాంటి పనులన్నీ ఆ ఊపులో అయిపోయాయి.

మాది మద్యం ముట్టని సంఘం. నెలకోసారి, మొదటి ఆదివారం, రొట్టె విరిచి ద్రాక్షరసం పంచుకుంటాం. దాన్ని బల్ల అంటాం. తప్పు చేసినవాళ్ళను బల్లకు దూరంగా ఉంచుతారు. వాళ్ళు అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్ళీ కలుపుకుంటారు. దీనికీ ఊళ్ళలో కులపెద్దలు వేసే వెలికీ తేడా ఏమిటని అడిగితే మా వాళ్ళకు కోపమొస్తుంది. మా అత్త ఏడాదికి పైగా బల్లకు దూరంగా ఉండి, అలాగే పోయింది. కారణం మెర్లో. అదొక నల్లద్రాక్ష పేరు, ఆ ద్రాక్షతో చేసే ఎర్ర వైన్ పేరు కూడా అదే. చావుకు వచ్చినవాళ్ళు "లివర్ పోయిందట గదా" అని నన్ను పక్కకు పిలిచి అడిగారు. లివర్ భేషుగ్గా ఉంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అని ఒక్కొక్కరికీ చెప్పాను. అందరూ నమ్మినట్టు తలలూపారు.

చచ్చినవాళ్ళ కళ్ళు చేరడేసి అంటారు. నేను ఆ పని చేయను. ఆమె తీయటి మనిషి కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరైంది, తర్వాత మా ఇంట్లోనే ఉండేది. పిల్లలకు పెట్టే ముందు వార్డెన్ కూర రుచి చూడాలన్నది అక్కడి నియమం. చాలామంది సంతకం పెట్టి ఊరుకునేవాళ్ళు. ఈమె రోజూ తిని చూసింది. నీళ్ళ పప్పు, పురుగుల బియ్యం, మాడిన ఉప్మా, అన్నీ తిని తిని ఆ నాలుకకు అబద్ధం చెప్పడం చేతకాకుండా పోయింది.

నా నిశ్చితార్థం రోజు పెళ్ళివారికి నేను చాయ్ ఇస్తే, ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, పెళ్ళికొడుకుతో "పిల్ల బంగారం, చాయ్ ఇత్తడి. ఆలోచించుకో పిలగా" అంది. అతను నవ్వాడు కాబట్టి పెళ్ళి జరిగింది. ఒక క్రిస్మస్ విందులో సంఘ పెద్ద గారి భార్య పప్పు వండింది. వరసలో నిలబడ్డ అందరి ముందూ మా అత్త, "ఈ పప్పు నువ్వే చేసినవా? అయితే ప్రార్థన జర గట్టిగ చేద్దాం" అంది. జనం పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆ నవ్వులన్నీ మూట కట్టి దాచుకుంది. నిజం చెప్పాలంటే, మా అత్త నాలుక దెబ్బ తగలని ఇల్లు మా సంఘంలో ఒక్కటి కూడా లేదు. ఆమెకు కష్టం వచ్చిన రోజు ఒక్కరూ పక్కన నిలబడకపోవడానికి అదీ ఒక కారణం.

ఆ నాలుక మీద నమ్మకంతోనే బల్లకు ద్రాక్షరసం చేసే పని ఆమెకు ఇచ్చారు. నాకు ఊహ తెలిసేనాటికే అది ఆమె పని. శనివారం మార్కెట్ నుంచి నల్లద్రాక్ష తెచ్చి, తొడిమలు తుంచి, సంఘం వాళ్ళ స్టీలు గిన్నెలో చేత్తో నలిపి, సన్నమంట మీద కాచేది. పల్చటి బట్టలో వడకట్టి మళ్ళీ కాచేది. పొగలు కక్కుతుండగానే సీసాల్లో అంచుదాకా పోసి మూత బిగించేది. ద్రాక్ష దొరకని నెలల్లో నల్ల కిస్మిస్ నానబెట్టేది. చక్కెర వేయనిచ్చేది కాదు.

"ఓరుగల్లు ఎండలకు రెండోసారి కాయకపోతే ఊకుంటదా బిడ్డా? పులుస్తది. పులిసిందంటే అది ప్రభువు గిన్నె గాదు, కల్లు ముంత" అనేది.

మూత పెట్టే ముందు ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేది. మిగతావాళ్ళలా గట్టిగా ప్రార్థించడం, ఏడుస్తూ సాక్ష్యం చెప్పడం ఆమెకు రావు. ఆ కళ్ళు మూసుకోవడమే ఆమె భక్తి అంతా.

మెర్లో మా ఇంటికి నా వల్లే వచ్చింది. మా బ్యాంకు వాళ్ళం కొందరం నాసిక్ వెళ్ళినప్పుడు అక్కడి ద్రాక్షతోటలో ఒక సీసా కొన్నాను. గొప్ప ఖరీదైనదేం కాదు, ఇద్దరు హోటల్లో బిర్యానీ తిన్నంత. మా ఆయనా నేనూ తాగుదామని తెచ్చాను. అత్త నా బ్యాగులోంచి మురికిబట్టలు తీస్తుంటే అది బయటపడింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె సీసాను కిటికీ వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇన్నేండ్లు ద్రాక్షను పులియకుండ ఆపిన. ఆపకపోతే అది ఏమైతదో ఎన్నడు సూడలే. తియ్యి మూత" అంది.

చాయ్ గ్లాసులో కొంచెం పోశాను. తాగి మొహం చిట్లించి, "కషాయంల బెల్లం మర్చిపోయిండ్రు" అని తీర్పు చెప్పింది. మిగిలింది మూత పెట్టి పక్కన పెట్టాం. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర అదే గ్లాసు పట్టుకుని కూచుని ఉంది. "నిన్న అలిగి కూసున్నది, ఇయ్యాల మాట్లాడుతాంది. దీనికి గాలి తగలాల్నే బిడ్డా" అంది. ఏ పుస్తకం చదవకుండా, ఎవరినీ అడగకుండా, మొదటి పాఠం ఆమే కనిపెట్టుకుంది.

అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు, అన్నం తినే ముందు, ఒక్కటంటే ఒక్క చాయ్ గ్లాసు. గ్లాసులో మూడో వంతు కన్నా పోయనిచ్చేది కాదు, తిప్పడానికి జాగా ఉండాలని. వేసవిలో మా ఇంటి వేడికి అది ఉడికిపోతుందని, సీసాకు తడి తువ్వాల చుట్టి నీళ్ళ కుండ పక్కన కాసేపు కూచోబెట్టేది. ఫ్రిజ్‌లో పెడితే ఒప్పుకునేది కాదు, చలికి వాసన ముడుచుకుంటుందని. ముందు రంగు చూడాలి. అల్లనేరేడు పండ్లు తిన్న నాలుక రంగు ఉండాలి. తర్వాత గ్లాసు తిప్పి ముక్కు పెట్టాలి. అల్లనేరేడు, ఆలుబుఖారా, ఎక్కడో దూరంగా మిరియం, పాత చెక్క బీరువా తలుపు తీసినప్పటి వాసన, ఇవన్నీ ఆమెకు దొరికేవి. నాకు మొదట్లో వైన్ వాసన ఒక్కటే వచ్చేది. "ముక్కు పెట్టుకొని ఏం జేస్తున్నవే, పుడక కోసమా?" అని తిట్టేది.

మొదటి గుక్క నోరు కడుక్కోవడానికి. రెండోది బుగ్గలో పట్టుకుని, మెల్లగా మింగి, ఆగాలి. ఎర్ర వైన్‌కు వగరు ప్రాణం. ఆ వగరు మీదే ఆమె పరీక్ష అంతా. "పచ్చి జామకాయ లెక్క పంటిని పట్టుకుంటే కచ్చా సరుకు. అసలే లేకపోతే షర్బతు. మంచి మెర్లో అంటే వగరు వచ్చినట్టు ఎరికైతది, పోయినట్టు ఎరిక కాదు" అనేది. ఇంకో మాట కూడా అనేది: "మింగినంక నోట్ల ఏం మిగిలిందో అదే దాని గుణం. మనిషి సుత గంతే."

దేనితో తినాలో కూడా ఆమే తేల్చింది. చింతపండు పులుసుతో తాగితే "రెండు సస్తయి". మటన్ వేపుడుతో బాగుంటుంది. అన్నిటికన్నా మా సర్వపిండితో బాగుంటుంది. అంచు కరకరలాడుతూ, నువ్వులు, పల్లీలు పంటికి తగులుతుంటే ఒక గుక్క మెర్లో వేస్తే, ఆ నూనె ఈ వగరును ఒళ్ళో కూచోబెట్టుకుంటుంది. ఇది నేను ఇప్పటికీ చేస్తాను. మీరూ చేసి చూడండి.

మంచిదాన్ని మెచ్చుకోవడంలో ఎంత పిసినారో, చెడ్డదాన్ని చీల్చడంలో అంత ధారాళం. ఎవరో ఇచ్చిన తీపి పోర్టు వైన్ తాగి, "దగ్గు మందుకు తోబుట్టువు" అని తొట్టిలో పారబోసింది. మా మేనేజర్ భోజనానికి వస్తూ విదేశాల సీసా తెచ్చాడు. పేరు చదవడానికే నోరు తిరగదు. అత్త ఒక గుక్క తాగి, ఆయన మొహంలోకి చూస్తూ, "దీంట్ల ద్రాక్ష కంటె ధర ఎక్కువ తెలుస్తాంది సార్. మా నాసిక్ పిల్లే నయం" అంది. ఆయన మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు. తర్వాత కొద్ది రోజులకే నన్ను ములుగు బ్రాంచికి వేశారు. రెంటికీ సంబంధం ఉందో లేదో నేను అడగలేదు.

వైన్ తాగుతూ బల్లకు రసం చేయడమేమిటని ఒకసారి అడిగాను. ఆమె కొట్టినంత పని చేసింది. "గిది నోటికి, గది పాణానికి. రెండు కలిపెటోడు తాగకుండనే తాగుబోతు" అంది. నిజానికి మెర్లో వచ్చాక ఆమె రసం ఇంకా జాగ్రత్తగా కాచేది. తను దేన్ని ఆపుతోందో ఇప్పుడు ఆమెకు తెలుసు.

నేను ములుగు బస్సుల్లో పడి తిరుగుతుంటే ఇంట్లో సీసా అయిపోయింది. తెస్తాను ఆగు అంటే ఆగలేదు. ఆటో ఎక్కి వైన్స్‌కు వెళ్ళింది. మన దగ్గర మందు దుకాణాలన్నిటికీ బోర్డు మీద వైన్స్ అనే ఉంటుంది. లోపల బీరు, విస్కీ, బ్రాందీ ఉంటాయి, చాలావాటిలో వైన్ మాత్రం ఉండదు. తాగేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇది. ఆ గడప ఎన్నడూ తొక్కని మా అత్త బోర్డు చదివి నమ్మింది.

తెల్లచీర, చేతిలో గొడుగు. కౌంటర్ దగ్గరి మగవాళ్ళు మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చిందనుకుని దారి ఇచ్చారట.

"మెర్లో ఉన్నదా బాబూ?"

"గదేం బ్రాండమ్మా?"

"బ్రాండ్ గాదు, ద్రాక్ష. ఎర్ర వైన్."

"వైన్స్‌ల వైన్ యాడుంటదమ్మా. బీరు ఇయ్యన్నా?"

వెనక్కి తిరిగితే ఎదురుగా మా సంఘ పెద్ద. పప్పు వండినావిడ భర్త. చేతిలో పేపరు చుట్టిన సీసా. "అత్తమ్మా, మీరిక్కడ?" అన్నాడట. "నువ్వెందుకొచ్చినవో నేను గందుకే వచ్చిన. నీది దొరికింది, నాది దొరకలే" అని ఆటో ఎక్కింది. ఫోన్లో ఇది చెప్తూ ఆమె నవ్వింది, బస్సులో నిలబడి నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆదివారం దాకా ఉంది.

అతను ఆమె కన్నా ముందే పాస్టర్ అయ్యగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆరాధన అయ్యాక అందరినీ కూచోబెట్టారు. అతను లేచి, "నా కండ్లతోటి చూసిన, వైన్స్ కాడ" అన్నాడు. మా అత్త కూచున్న చోటు నుంచే, "సూస్తవు మరి. నీ సీసా నీ చేతిలనే ఉండె గద" అంది. అతను దబ్బున మోకాళ్ళ మీద పడ్డాడు. నేను బలహీనుణ్ణి, పాపిని, నన్ను క్షమించండని నేలకు తలబాదుకుని ఏడ్చాడు. ఏడాదికోసారి చేసే పనే, బాగా అలవాటైంది. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. అయ్యగారు లేపి కౌగిలించుకున్నారు. అతని పాపం అక్కడితో కొట్టుకుపోయింది. తర్వాత అందరూ ఇటు తిరిగారు.

"మీరు కూడా ఒక్క మాట అనండమ్మా" అన్నారు అయ్యగారు.

"ఏమనాలె?"

"తప్పయిందని."

"తప్పు చెయ్యలే అయ్యగారూ. రుచి చూసిన. చెయ్యని తప్పు చేసిన్నని అబద్ధమాడి గిన్నె ముట్టాల్నా?"

ఆమెను బల్ల నుంచి ఆపారు. గిన్నె, వడకట్టే బట్ట, సీసాలు సంఘ పెద్ద భార్యకు అప్పగించమన్నారు. మా అత్త వాటిని తోమి, ఆరబెట్టి ఇచ్చింది. ఇస్తూ, "రెండోసారి కాయాలె, లేకపోతే పులుస్తది" అని చెప్పింది. ఎగతాళి లేదు, పనిమాటే. ఆవిడ గిన్నె అందుకుంటూ, "మాకు తెల్వదా అత్తమ్మా? మేం సారా కాచెటోళ్ళం గాదు" అంది. మా అత్తకు తిరుగు మాట దొరకకపోవడం నేను అప్పుడే చూశాను.

తర్వాతి మొదటి ఆదివారం చిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరసల వెంట తిరిగింది ఆ సంఘ పెద్దే. మా దగ్గరికి వచ్చి, ఆమె తల మీదుగా చేయి చాపి నాకు అందించాడు. నేను తీసుకోలేదు. ఆమె నా మోచెయ్యి గిల్లి, "తీస్కో. నా మీది కోపం దేవుని మీద తియ్యకు" అంది. ఎవరి మీద ఎవరి కోపమో నాకు అర్థం కాలేదు, తాగాను.

ఆరాధనకు రావడం మానేస్తుందనుకున్నారు. మానలేదు. ప్రతి వారం వెళ్ళి చివరి వరసలో కూచునేది. మొదటి ఆదివారాల్లో ఇంటికి వచ్చి అన్నం ముట్టేది కాదు. నేను హైదరాబాద్ నుంచి మంచి మెర్లో తెప్పించాను. ఒక గుక్క తాగి, "మంచిగనే ఉన్నది. దీని తప్పేమున్నది" అని గ్లాసు పక్కన పెట్టింది. కాసేపయ్యాక, "బిడ్డా, గిన్నె యాదికొస్తాంది" అంది. ఎవరి ముందూ చెయ్యి చాపని మనిషి. ఆ మాట విన్నాక నాకు ఆ సీసాను చూడబుద్ధి కాలేదు.

ఈ వానాకాలం దవాఖానలో చేర్చాం. ఆశ లేదని డాక్టరు చెప్పిన పూటే ఆమె అయ్యగారిని పిలవమంది. నేనే ఫోన్ చేశాను. మధ్యాహ్నం ఆయన వచ్చారు, వెంట సంచి పట్టుకుని సంఘ పెద్ద భార్య వచ్చింది. రసం చేసేది ఆవిడ కాబట్టి మోసుకొచ్చేదీ ఆవిడే. అయ్యగారు మంచం పక్కన కుర్చీలో కూచుని, ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఒక్క మాట చాలమ్మా. నోరు రాకపోతే తల ఊపండి. ప్రభువుకు అది చాలు."

తిడుతుందనుకున్నాను. ఆమె తల ఊపింది. ఏడాది పాటు బిగబట్టిన మాటను ఆ గిన్నె కోసం వదిలేసుకుంది. అంత కావాల్సి వచ్చిందన్నమాట ఆమెకు.

అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థించారు. ఆవిడ సంచిలోంచి సీసా తీసి మూత తిప్పింది. బుస్సుమంది. సీసా మెడ దగ్గర నురగ లేచింది. గదిలో ఉన్న అందరం విన్నాం. వేలెడంత గ్లాసులో పోసి ఇచ్చింది. అయ్యగారు దాన్ని ఆమె పెదాల దగ్గరికి తెచ్చారు. ఆమె ముక్కుపుటాలు కదిలాయి. నేను జీవితంలో అంత గట్టిగా ఎన్నడూ ప్రార్థించలేదు. అత్తా, ఈ ఒక్కసారి ఊకో.

"అయ్యగారూ" అంది, ఊపిరి కూడదీసుకుని. "ఇది పులిసింది."

ఆమే మళ్ళీ అంది. "రెండోసారి కాయలే. సంఘమంత గిదే తాగుతాండ్రా?"

రెండు రోజుల నాటి కల్లు వాసన, అప్పటికి నా ముక్కుకూ తగిలింది.

"సూసిండ్రా అయ్యగారూ! సావుమంచం మీద సుత ఆ నాలుక సావలే!" అని సంఘ పెద్ద భార్య బావురుమంది.

గ్లాసు అయ్యగారి చేతిలోనే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిపోయేది. ఆయన పెట్టుకోలేదు. తిరిగి సీసాలో పోసి, మూత బిగించి ఆవిడకు ఇచ్చేశారు. "అమ్మ ఇంకా సిద్ధపడలేదు" అని నాతో అన్నారు, ఆమెతో అనలేదు.

అప్పుడు మా అత్త చాలా చిన్న గొంతుతో, "పులిసినా సరే. పొయ్యి" అంది.

అని నోరు తెరిచింది.

అయ్యగారు విన్నారో లేదో నాకు తెలియదు. ఆవిడ విన్నది, సంచి జిప్పు లాగింది. ఇద్దరూ బయటికి నడిచారు. నేను మెట్ల దాకా పరుగెత్తాను. "అయ్యగారూ, అడుగుతాంది, ఒక్కసారి రాండ్రి" అన్నాను. "మనసు మారినప్పుడు కబురు చేయమ్మా" అని, రెయిలింగ్ పట్టుకుని, ఆయన మెల్లగా దిగిపోయారు.

నేను తిరిగి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నోరు అలాగే తెరిచి ఉంచింది. నాలుక కొంచెం ముందుకు ఉంది. అంతలో నర్సు వచ్చి చూసి, ఊపిరి అందడం లేదనుకుని, ఆ నోటి మీద ఆక్సిజన్ మాస్కు పెట్టి, ఎలాస్టిక్ చెవుల వెనక్కి బిగించింది.